పాట మధ్యలో ఎల్‌సీ

భాను అన్నింటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే. తాను పాడుతున్నప్పుడు బిడ్డ ఏడిస్తే తనకు వినబడదేమోనని.

పాము, జ్వరం, రోడ్డు మీద ఇసుక లారీలు, గొంతులో అడ్డంపడే పల్లీగింజ, ఇవన్నీ దాని తర్వాతే. వాటికి తలుపో మూతో మందో ఏదో ఒకటి ఉంటుంది. పాటకు అట్లాంటిదేమీ లేదు. పాడడం మొదలుపెడితే భానుకు కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. చెవులు లోపలికి తిరిగిపోతాయి. అన్నం మాడినా తెలియదు, ఎవరు పిలిచినా తెలియదు. చిన్నప్పుడు అదొక తమాషా. మేకలు పక్క చేలో పడి మేస్తుంటే ఈమె గట్టు మీద నిలబడి పాడుతూనే ఉండేది, చేనువాళ్లు వచ్చి భుజం పట్టి కుదిపేదాకా. ఇప్పుడు ఆ మేకల చోట రెండేళ్ల మిట్టు ఉంది.

జూలూరుపాడు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ల తండా. ముందు పత్తి, మిర్చి చేలు, వెనక టేకు చెట్లు. తల్లి చిన్నప్పుడే పోతే భానును అమ్మమ్మ చాంది పెంచింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలకు నెల ఉందనగా పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు జైరాం అదే తండా వాడు, నాలుగిళ్ల అవతల. కరెంటు ఆఫీసులో హెల్పరు, స్తంభాలు ఎక్కే పని. చదువు అక్కడ ఆగింది గాని నోటుపుస్తకాలు మాత్రం మిగిలిపోయాయి.

పుస్తకాలు మూసిన రోజు నుంచే చాంది మనవరాలికి ఢావలో నేర్పడం మొదలుపెట్టింది. లంబాడీల్లో ఆడవాళ్ల ఏడుపంటే ఊరికే కన్నీళ్లు పెట్టుకోవడం కాదు. దానికి రాగం ఉంది, వరస ఉంది. ఆ ఏడుపు పాటనే ఢావలో అంటారు. పిల్ల అత్తారింటికి పోయేటప్పుడు, చావు ఇంట్లో, చాలా రోజులకు అయినవాళ్లు ఎదురుపడ్డప్పుడు, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, కొంగు కప్పుకుని, కడుపులో ఉన్నదంతా ఆ రాగంలో చెప్పుకుని ఏడుస్తారు. చాందిలాగా ఢావలో అందుకునే మనిషి చుట్టుపక్కల ఐదు తండాల్లో లేదు.

"నాలుగిండ్ల అవతలికి పోయేదానికి గింత ఏడుపెందుకు నానీ?" అని అమ్మమ్మను అడిగింది భాను.

"దూరం కాదే పిచ్చిదానా. గడప మారుతున్నవు."

తీరా పెళ్లిరోజు భానుకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు. పైగా మధ్యలో ఒక పిన్ని వరస తప్పితే ఆపి, సరిచేసి, మళ్లీ అందుకుంది. "ఈ పిల్లకు ఏడుపు రాదు, పాటొస్తది" అని ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

జైరాంకు ఆ పాట నచ్చింది. పొయ్యి దగ్గర భాను పాడుతుంటే ఫోన్లో పట్టి స్టేటస్‌లో పెట్టేవాడు. అవి చేతులు మారి మారి ఖమ్మంలో యూట్యూబ్ చానల్ నడిపే ఒకాయన దగ్గరికి చేరాయి. ఆయన పిలిచాడు. భాను పోయింది. అక్కడ మాటలు వాళ్లవే, దరువు వాళ్లదే. జూలూరుపాడు సంతలో జుంకాలు కొంటావా బావా, అట్లాంటివి. గొంతు భానుది, వీడియోలో గంతులు వేసేది వేరే అమ్మాయి. తొమ్మిది పాటలు పాడింది. పెళ్లి ఊరేగింపుల్లో డీజేల మీద అవి మోగాయి కూడా. ఒకరోజు ఇంటికొచ్చి, గర్వంగా, ఫోను అమ్మమ్మ చెవి దగ్గర పెట్టింది.

చాంది చివరిదాకా విని తల ఊపింది. "మంచిగనే పాడింది. ఎవలే ఈ పిల్ల?"

భాను ఫోను వెనక్కి తీసుకుంది. కంప్యూటర్లో వేసి తన గొంతును పాలిష్ పట్టిన బియ్యంలా తెల్లగా చేసేశారు. పెంచిన మనిషికే ఆనవాలు దొరకలేదు. ఆ తర్వాత ఖమ్మం పోలేదు. అంతలో మిట్టు కడుపులో పడింది, పుట్టింది. బిడ్డను ఊపుతూ ఊపుతూ, మిగిలిన ఇంటర్ నోటుపుస్తకాల్లో సొంతంగా పాటలు రాయడం మొదలుపెట్టింది. ఫిజిక్స్ పుస్తకంలో సగం లెక్కలు, సగం పాటలు.

మిట్టుకు ఏడాది నిండిన ఎండాకాలంలో వాకిట్లో ఒక బైకు ఆగింది. దిగినతని వీపు మీద నల్లటి పొడుగాటి సంచి.

"నమస్తే అండీ. భానుగారిల్లు ఇదేనా?"

"ఇన్సూరెన్స్ మాకొద్దు సారూ," అన్నాడు జైరాం, అన్నం కలుపుకుంటూ.

"గిటారు మోసుకుంటూ ఇన్సూరెన్స్ ఎవరు చేస్తారండీ?"

అతను అనిల్‌కుమార్. వైరా నుంచి వచ్చాడు. వాళ్ల తాతల నాడు కోస్తా నుంచి వలస వచ్చి, చెరువు కింద పొలాలు కొన్న కుటుంబం. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు హోటళ్లలో గిటారు వాయించి, అక్కడ ఎవరి పాటలో వాయించీ వాయించీ విసుగొచ్చి తిరిగొచ్చాడు. యూట్యూబ్ పాటలు కాదు, జైరాం పొయ్యి దగ్గర పట్టిన పాట అతని దగ్గరుంది.

"మీ గొంతులో గరుకుందండీ. వాళ్లు దాన్ని గీకి సాపు చేసేశారు. నాకు ఆ గరుకే కావాలి. పాటలు మీరు రాసినవే పాడండి. నేను గిటారు, కోటేష్ అని ఒకతను డ్రమ్ములు. అంతే."

"నాకు బిడ్డ ఉన్నది సారూ."

"తీసుకురండి."

ఒప్పందం అంతవరకే. ఖమ్మం మిర్చియార్డు వెనకాల అనిల్ మేనమామ గోదాము ఒకటి ఖాళీగా ఉంది. అందులో సాధన. కోటేష్ చిన్నప్పటి నుంచి డప్పు కొట్టి, ఈమధ్యనే పాత డ్రమ్సెట్టు కొనుక్కున్నవాడు. పెద్ద డ్రమ్ములో గోనెసంచులు కుక్కి చప్పుడు గట్టిపరిచాడు. సంచుల్లో మిగిలిన మిర్చి ఘాటుకు మొదటి రోజు పాట కంటే తుమ్ములే ఎక్కువయ్యాయి. "మన బ్యాండు పేరు మిర్చియార్డ్ అని పెడ్దామన్నా, పాడక ముందే ఏడిపిస్తున్నం," అన్నాడు కోటేష్ కళ్లు తుడుచుకుంటూ. అదే పేరు నిలిచిపోయింది.

బిడ్డకు ఆ ఘాటు పడదు కాబట్టి మిట్టును వెనక వాచ్‌మన్ గదిలో తలుపేసి ఉంచేవాళ్లు. కోటేష్ భార్య సంగీత చూసుకునేది. "పేరు సంగీత, పాట వస్తే ఒట్టు," అని తన మీద తనే జోకు వేసుకునే మనిషి. అప్పటికింకా పిల్లల్లేరు, మిట్టును దించేది కాదు.

గిటారు తీగ కరెంటుతో మొదటిసారి మోగినప్పుడు భాను ఉలిక్కిపడింది. డ్రమ్ము కలిసేసరికి నవ్వింది. ఇన్నాళ్లూ తన గొంతు ఒక్కతే నడిచి పోతుండేదని, వెనక తోడు లేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు వెనక ఒక గుట్ట నిలబడ్డట్టుంది. ఎంత గట్టిగా ఒరిగినా పడదు. ఆమె ఒరిగింది. కళ్లు మూసుకుంది.

మూడో వారం, ఒక పెద్ద పాట అయిపోయి కళ్లు తెరిచేసరికి గోదాము తలుపు దగ్గర సంగీత నిలబడి ఉంది. చంకలో మిట్టు. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లలోకి దిగిన ఏడుపు.

"ఎంతసేపైంది?"

"పాట మొదలైనకాడి నుంచి అక్కా. తలుపు సందుల వేలు పడ్డది. నేను పిలిచిన. ఈడికొచ్చి గూడ పిలిచిన. మీ చప్పుడుల..."

మిట్టు చిటికెన వేలు వంకాయ రంగుకు తిరిగింది. ఆ పాట ఏడు నిమిషాలు. ఏడు నిమిషాలు బిడ్డ పిలిచింది, తల్లి అదే గోదాములో కళ్లు మూసుకుని హాయిగా పాడుతూ ఉంది. వేలు వారంలో తగ్గిపోయింది. కానీ భాను ఆ సాయంత్రం బస్సెక్కిన దగ్గర్నుంచి మూడు రోజులు కూనిరాగం కూడా తీయలేదు.

నాలుగో రోజు, "నేనింక పాడ. వాళ్లకు చెప్పు," అంది జైరాంతో.

జైరాం గొడ్డలి నూరుకుంటున్నాడు. లైన్ల మీద పడ్డ కొమ్మలు కొట్టే పని ఉంది ఆ రోజు. "మేము స్తంభమెక్కే ముందు ఏం చేస్తమో ఎరుకేనా నీకు?"

"ఏందో."

"సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ అడుగుతం. లైన్ క్లియర్. ఆల్లు కరెంటు బంద్ పెడ్తరు. గా జరసేపట్ల ఎక్కి, పని చేసుకొని, దిగి, మల్ల ఫోన్ చేస్తం. అప్పుడిస్తరు. ఊరోల్లు తిడ్తరు, ఫ్యాన్లు బందయినయని. తిట్టనీ. మేము బతికుంటం గద. నువ్వు గూడ పాట నడుమ ఎల్‌సీ తీస్కో."

"పాట నడుమనా?"

"అవ్. అందర్ని బంద్ పెట్టు. బిడ్డ ఏడుస్తుందా లేదా ఇను. లైన్ క్లియర్ ఉంటే మల్ల పాడు."

నవ్వులాటకు అన్నాడో నిజంగా అన్నాడో గాని, భాను దాన్ని పట్టుకుంది. మరుసటి వారం డ్రమ్ములు పైకి లేచి, గిటారు గుయ్యిమని, పాట పతాక స్థాయికి పోయే చోట ఎడమ చెయ్యి ఎత్తింది. అంతా ఆగిపోవాలన్న మాట. గోదాములో ఈగ ఎగిరినా వినిపించేంత నిశ్శబ్దం. నాలుగు ఊపిర్లు. వాచ్‌మన్ గదిలో మిట్టు ఏదో కబుర్లు చెబుతోంది. భాను చెయ్యి దించింది. పాట మళ్లీ విరుచుకుపడింది.

"బాగా లేచిన చోట ఆపేస్తే ఎట్లాగండీ?" అనిల్ తల పట్టుకున్నాడు. "జనం కరెంటు పోయిందనుకుంటారు."

"అనుకోనీ అన్నా," అన్నాడు కోటేష్. "మల్లొచ్చినంక అందుకే సప్పట్లు కొడ్తరు."

మొదటి ప్రోగ్రాం ఖమ్మంలో ఒక కాలేజీ పండుగకు. సరిగ్గా కోటేష్ అన్నట్టే అయింది. ఆ నాలుగు ఊపిర్లలో వెయ్యి మంది పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. ఎందుకో వాళ్లకు తెలియదు. చెయ్యి దిగి డ్రమ్ము పడగానే అరుపులకు పందిరి ఎగిరిపోయేట్టయింది. తిరిగి వచ్చేటప్పుడు అనిల్ పాట రాసిన కాగితం మళ్లీ మళ్లీ తిరగేశాడు. చివరికి, "అది లేకపోతే ఆ పాట లేదండీ," అన్నాడు. అప్పటి నుంచి భాను రాసే ప్రతి పాటలో నిశ్శబ్దానికి ఒక చోటు ముందే ఉండేది. దాన్ని వాళ్లు ఎల్‌సీ అనే పిలుచుకున్నారు. "ఎల్‌సీ పల్లవి తర్వాతా, రెండో చరణం తర్వాతా?" అని అనిల్ కాగితం మీద రాసుకునేవాడు.

ఏడాది గడిచింది. భద్రాచలం, సత్తుపల్లి, మధిర, ఇట్లా పిలుపులొచ్చాయి. ఒకసారి పది రోజులు ఏకధాటిగా తిరిగి ఇల్లు చేరేసరికి, చాంది వాకిట్లోనే ఎదురొచ్చి మనవరాలి భుజాల మీద రెండు చేతులూ వేసింది. కొంగు ఇద్దరి మీదా కప్పింది. ఢావలో అందుకుంది. కాళ్లకు మట్టి ఉన్నది, అది కనబడుతున్నది, కడుపులో ఏమున్నదో అది చెప్పి ఏడవమంది. పెళ్లినాడు రాని కన్నీళ్లు భానుకు ఆ రోజు వచ్చాయి. దూరాల గురించి, వంకాయ రంగు వేలు గురించి, పాడుతున్నంతసేపూ కడుపులో కూర్చునే భయం గురించి అన్నీ చెప్పి ఏడ్చింది. ఆ వారమే దాన్ని పాట కట్టింది.

*ఎన్నాళ్లకొస్తివే, ఎండల్ల వస్తివే*
*కాళ్ల మీద మట్టి కండ్లకు కనబడే*
*కడుపుల ఉన్నదేందో ఏడ్చి చెప్పవే*
*ఇనేటోల్లు ఉన్నరే, ఇంటి చుట్టు ఉన్నరే*

ఈ పాటకు అనిల్ గిటారును బాగా తగ్గించాడు. ఒకే తీగ, దూరంగా. కోటేష్ పుల్లలు పక్కనబెట్టి చేత్తో కొట్టాడు. గొంతు మాత్రం ఉన్నదున్నట్టు, గరుకుతో సహా. రికార్డు చేయడానికి భాను ఖమ్మంలో ఒక పూట ఎక్కువ ఉండాల్సి వచ్చింది. సంగీతకు అప్పుడు నెలలు నిండుతున్నాయి, బిడ్డను ఆమెకు అప్పగించే వీల్లేదు. మిట్టును మొదటిసారి జైరాం దగ్గర వదిలి వెళ్లింది. పొద్దున్నే పాట జైరాం ఫోనుకు పంపి, తొమ్మిది గంటల బస్సెక్కింది.

పదకొండింటికి తండా రోడ్డు దగ్గర దిగింది. రెండు మలుపులు నడిచేసరికి గాలిలో తేలుతూ వినబడింది. ఢావలో. తండా వైపు నుంచి.

భాను కాళ్లు ఆగిపోయాయి. పట్టపగలు, మిర్చి ఏరే రోజు, తండాలో ఎవరూ ఉండరు. అప్పుడు ఢావలో లేచిందంటే ఒక్కటే అర్థం. ఎవరు? నానీనా? రాత్రి దగ్గిందని చెప్పాడే జైరాం. మిట్టు పేరు లోపల మెదిలింది గాని దాన్ని పెదవుల దాకా రానియ్యలేదు. చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

మిర్చి చేలల్లో నుంచి ఆడవాళ్లు గంపలు పడేసి ఉరుకుతున్నారు. ఎర్రగా కాయలు గట్ల మీద పారబోసుకుపోయాయి.

"ఎవరే? ఎవరు పోయిండ్రే?"

"తెల్వదు! గుడికాడికెల్లి ఇనబడుతుంది!"

"ఎవరో గాని మస్తు ఏడుస్తున్నదమ్మా, గుండె పలుగుతుంది!"

అప్పుడు, గాలి ఇటు తిరిగినప్పుడు, ఆ ఏడుపు వెనక ఒంటి తీగ మోగింది. గిటారు. భాను పరుగెత్తుతూనే అర్థం చేసుకుంది. అది తన గొంతే. మైకులో. ఒకప్పుడు అమ్మమ్మకు ఆనవాలు దొరకనట్టే, ఇప్పుడు తన గొంతు తనకే దొరకలేదు. ఎవరూ చచ్చిపోలేదన్న మాట. నవ్వాలో కూలబడాలో తెలియలేదు, కాళ్లు మాత్రం ఆగలేదు.

ముందు ఉరుకుతున్నవాళ్లు ఒక్కసారిగా కుడివైపు మళ్లారు. కేకలు.

"భానూ! నీ బిడ్డ గీడున్నదే!"

తండా చివర కరెంటు స్తంభానికి గుడి మైకు గొట్టం ఒకటి చేలవైపు తిప్పి కట్టి ఉంటుంది. దాని అవతల, మిర్చి తోటకు నీళ్లు పెట్టడానికి తవ్విన కుంట. కంచె లేదు. ఆ రెంటికీ మధ్య, చెయ్యంత దూరంలో నీళ్లు పెట్టుకుని, మిట్టు నిలబడి పైకి చూస్తోంది. ఒంటి మీద చొక్కా లేదు, ఒక కాలికే గజ్జె. గొట్టం వైపు వేలు చూపిస్తోంది. "యాడీ," అంటోంది. లంబాడీ మాటలో తల్లి. "యాడీ, దిగు."

ఎత్తుకున్నది ఎవరో, చేతిలో పెట్టింది ఎవరో భానుకు తర్వాత కూడా గుర్తు లేదు.

గుడి అరుగు మీద జైరాం బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు. పాట ఎంత బాగుందో అందరికీ వినిపిద్దామని ఫోను మైకుకు తగిలించాడట. తీగ సరిచేస్తూ అటు తిరిగిన కాసేపట్లో బిడ్డ తల్లి గొంతు వెతుక్కుంటూ పోయింది. తండా పెద్ద బిచ్యా నాయక్ చేతికర్ర నేలకు కొట్టాడు.

"సావు లేకుండ సావు ఏడుపు మైకుల పెడ్తవారా? బుద్ధున్నదా? నా మోకాలు సూడు, గట్టు మీద పడి తోలూడింది!"

"పాట మంచిగున్నదని పెట్టిన తాతా."

"మంచిగున్నది కాబట్టే ఉరికినం గదరా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. భాను వైపు తిరిగాడు. "ఇగో బిడ్డా. వేరే పాటలు నీ ఇష్టం. ఇది మాత్రం స్టేజీల మీద వద్దు."

భాను మిట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ పాట పోయినా ఫరవాలేదనిపించింది ఆ క్షణంలో. అసలు పాటే వద్దనిపించింది. అప్పుడు చాంది గుంపులోంచి ముందుకొచ్చింది, ఇంకా రొప్పుతూ.

"ఆగు బిచ్యా. ఢావలో ఎందుకు పెట్టిండ్రు పెద్దలు? ఇన్నోల్లు ఉరికి రావాలని. ఉరికొచ్చిండ్రా లేదా? రాకపోతే ఈ పిల్ల ఎక్కడుండేది ఇప్పుడు? దాని పని అది చేసింది."

బిచ్యా మోకాలు నిమురుకున్నాడు. "సరే. మన తండాల ఉరికినం. మరి ఖమ్మంల పాడితే ఎవరు ఉరుకుతరు? కుర్చీలల్ల కూసోని సప్పట్లు కొడ్తరు, ఫోన్ల పట్టుకుంటరు. ఉరికేటోల్లు లేని కాడ ఢావలో పాడుడు తప్పు. నే చెప్పేది గంతే."

అది కోపంతో అన్న మాట కాదని భానుకు తెలుసు. అందుకే జవాబు వెతుక్కుంది. తను చెయ్యెత్తి ఆపేది ఒక్క బిడ్డ కోసం వినడానికి. కానీ ఈ రోజు బిడ్డను విన్నది తను కాదు. చేలల్లో ఉన్న ముప్పై మంది.

"నేను ఉరికిస్త తాతా."

"ఎట్ల?"

"నడుమ ఆపుత కదా. గప్పుడు ఒక పేరు చెప్త. ఫలానా మనిషి దగ్గరికి పోయి సూసి రాండ్రని."

"ఎవరు పోతరే?"

"నువ్వొచ్చి సూడు."

"సూస్త," అన్నాడు బిచ్యా. "ముందుగాల ఆ కాయలు ఎత్తుండ్రి, మేకలు పడ్డయి."

పక్షం రోజులకు భద్రాచలంలో ప్రోగ్రాం. నాలుగు గంటల ఎండ గోదావరి మీద మెరుస్తుండగా మైదానంలో జనం నిండారు. తండా నుంచి బిచ్యా వచ్చాడు, చాంది వచ్చింది, మిట్టు ఆమె ఒళ్లో ముందు వరసలో కూర్చుంది. ఏ పేరు చెప్పాలో భాను అప్పటికింకా అనుకోలేదు. స్టేజీ వెనక కోటేష్ ముఖం చూశాక అనుకోవాల్సిన పని లేకపోయింది.

"ఏమైందన్నా?"

"సంగీత ఫోన్ ఎత్తుతలేదు చెల్లె. పన్నెండింటి సంది. రింగయితుంది, ఎత్తుతలేదు."

సంగీతకు బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు. వాళ్లమ్మ నిన్ననే ఊరికి పోయింది. ఖమ్మంలో కిరాయి గది, మూడో అంతస్తు. కింద షాపులు, పక్కన ఎవరూ లేరు. కోటేష్ ఇంకోసారి నంబరు నొక్కి చూసి, అట్లాగే స్టేజీ ఎక్కాడు.

భాను ఆ పాట అందుకుంది. ఇనేటోల్లు ఉన్నరే, ఇంటి చుట్టు ఉన్నరే, అన్న చోట ఎడమ చెయ్యి ఎత్తింది. అంతా ఆగింది. నాలుగు ఊపిర్లు. ముందు వరస నుంచి "యాడీ!" అని అరుపు. జనం నవ్వారు. భాను కూడా నవ్వింది, ఆ తర్వాత మైకు దగ్గరికి జరిగింది.

"మా డ్రమ్ములాయన భార్య సంగీత. బాలింత. ఖమ్మంల మిర్చియార్డు వెనక గల్లీ, నీలం రంగు బిల్డింగు, మూడో అంతస్తు. పన్నెండింటి సంది ఫోన్ ఎత్తుతలేదు. ఆ దిక్కున మీవాళ్లెవరన్న ఉంటే ఒక్కసారి పోయి తలుపు కొట్టమనుండ్రి. మెట్లకు రెయిలింగ్ లేదు, జర పైలం. అప్పటిదాక మేము ఆగుతం."

మైదానం ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత అక్కడక్కడా ఫోన్లు చెవులకు లేచాయి. పాట పట్టుకోవడానికి ఎత్తిన ఫోన్లే. ఒక అమ్మాయి బెంచీ ఎక్కి అరిచింది, "అక్కా! మా పెద్దమ్మ కొడుకు ఆడనే ఉంటడు! పోతున్నడంట!"

నాలుగు ఊపిర్ల చోట పన్నెండు నిమిషాలు పట్టింది. ఎవరూ లేవలేదు. పక్కవాళ్లతో గుసగుసలు, ఎవరి ఇళ్లకు వాళ్ల ఫోన్లు. బిచ్యా కూడా తన పాత ఫోను తీసి, ఇల్లెందులో ఉన్న చెల్లెలికి నంబరు నొక్కించుకోవడం భాను చూసింది. అంతలో బెంచీ మీది అమ్మాయి ఫోను స్పీకర్లో పెట్టి పైకెత్తింది. భాను మైకు అటు చాపింది. మైదానమంతా వినబడింది సంగీత గొంతు, నిద్రమత్తులో, మండిపడుతూ.

"ఎవరు పంపిండ్రయ్యా నిన్ను? తొమ్మిది రోజులకు ఇయ్యాల కండ్లు మూసిన! బిడ్డ గూడ పండింది! తలుపులు పలగ్గొడుతున్నవు, లేసింది సూడు! ఆ కోటేషుకు చెప్పు, ఇంటికి రానీ..."

వెనకాల పసిబిడ్డ కేర్‌మంది. జనం ఒక్కసారిగా అరిచిన అరుపుకు గోదావరి ఒడ్డున కొంగలు లేచాయి. కోటేష్ ముఖం తుడుచుకుని, భాను చెయ్యి దించక ముందే, డ్రమ్ము మీద పడ్డాడు. భాను కళ్లు మూసుకుని పాట అందుకుంది. ఆ తర్వాత చరణంలో మిట్టు ఏడ్చిందో లేదో ఆమెకు తెలియదు. ఏడిస్తే వినడానికి మైదానం నిండా చెవులున్నాయి.

కిందికి దిగాక బిచ్యా ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "ఉరికిండ్రు," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ప్రోగ్రాంలో ఆ పాటకు ఒక పేరు ఉంటుంది. పేర్లు జనమే పంపుతారు. భయం పోయిందా అంటే పోలేదు, భానుకు ఇప్పటికీ అన్నింటికన్నా పెద్ద భయం అదే. కాకపోతే ఇప్పుడు దాన్ని ఒక్కతే మొయ్యడం లేదు.

ఈసారి వచ్చిన పేరు రాజ్యశ్రీ. ఎర్రుపాలెంలో, రైలు పట్టాలకు ఇవతల, రేకుల షెడ్డు పక్కన ఉన్న ఇల్లు. కవలలు పుట్టి నెల అయింది, భర్త పని మీద దూరంగా ఉన్నాడు. ప్రోగ్రాంకు ఇంకా వారం ఉంది, అప్పటిదాకా ఆగడమెందుకు? మీరెవరైనా అటు పోయే పని ఉంటే ఒక్కసారి తొంగిచూసి రండి. అంత దూరం కాకపోతే, మీ గల్లీలోనే అట్లాంటి తల్లి ఉండే ఉంటుంది, ఆమెనైనా సరే. తలుపు మెల్లగా కొట్టండి. నిద్రపోతుంటే మాత్రం లేపకండి.